మూడో సొరంగంలో స్టీలు గిన్నె వ్యవహారం

గృహ వీక్షణ దినచర్య. రాసినవారు: పోలిశెట్టి దయానిధి, ధూళి నియంత్రణ శాఖలో సహాయ పర్యవేక్షకుడు, మూడో సొరంగం నివాసి.

చంద్రమండల నివాస నిబంధనల ప్రకారం, ఇంట్లో వీక్షణ యంత్రం అమర్చుకున్న ప్రతి గృహస్థూ దానికి సమాంతరంగా ఒక దినచర్య రాయాలి. యంత్రం ఒకలా చూసి మనిషి ఒకలా చూసిన సందర్భాల్లో పొరపాటు ఎవరిదో తేల్చడానికి ఈ ఏర్పాటు. నాకు తెలిసి ఇంతవరకూ తేలిన ప్రతిసారీ పొరపాటు మనిషిదే. ఈ దాఖలాలో వేరుగా తేలింది కనుక, చదివే అధికారులు మనసు కుదుటపరచుకుని, టీ తాగుతూ చదవవచ్చునని మనవి.

నమోదు ఒకటి

లోహ రక్షణ ఉత్తర్వు నేడు మా తలుపు దగ్గరికి వచ్చింది. రెండో సొరంగంలో ఒక నీటి వాల్వు కనిపించకుండా పోయినందున, ప్రతి ఇంట్లోనూ ఈ పక్షం ముగిసేలోగా కెమెరా, రికార్డు పెట్టె అమర్చుకోవాలని దాని సారాంశం. ఆ వాల్వు మధ్యాహ్నానికే గిడ్డంగి గుమాస్తా బల్ల కింద దొరికింది. కాని ఉత్తర్వు అప్పటికే జారీ అయిపోయినందువల్ల వాల్వు దొరకడాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.

ఉత్తర్వు కఠినమైనదని నేను అనను. ఇక్కడ ఇనుము తీసే గని లేదు. ప్రతి చెంచా భూమి నుంచి రాకెట్టులో రావలసిందే. మా దగ్గర హత్యకు శిక్ష ఏమిటో పెద్దలకు కూడా సరిగా తెలియదు గాని, చెంచా దొంగతనానికి శిక్ష ఏమిటో బడిపిల్లలు సైతం చెప్పగలరు.

కెమెరాలు అమ్మే ఫణికుమార్ మూడు రకాలు తెచ్చి మా చాప మీద పరిచాడు. మొదటిది ‘చూపరి’. చూస్తుంది, చూసినదాన్ని ఇంట్లోని పెట్టెలోనే దాస్తుంది, పెట్టె నిండితే పాతది చెరిపేస్తుంది. రెండవది ‘జ్ఞాపిక’. ఇది దేన్నీ చెరపదు. మూడవది ‘ఎరుక’. చూస్తుంది, దాస్తుంది, చూసినదాని గురించి ఆలోచించి, తగిన కార్యాలయానికి తనే తెలియజేస్తుంది.

“మొదటిది తీసుకుంటే ఆ రికార్డంతా మీరే కూచుని చూసుకోవాలి సార్. మీకు తీరికెక్కడిది?” అన్నాడు ఫణికుమార్. “ఎరుక మీ బదులు చూస్తది. మీ బదులు అనుమానిస్తది.”

“మా ఇంట్లో అనుమానించడానికి ఆయన చాలు నాయనా,” అంది నా భార్య సువర్చల, వంటింట్లోంచి. “కళ్ళుంటే చాలు, బుర్ర వద్దు. చూపరి ఇచ్చి వెళ్ళు.”

“పక్కిళ్ళవాళ్ళంతా ఎరుకే పెట్టించుకున్నారు మేడమ్.”

“ఎవరూ, రజియానా? రజియా చూపరి పెట్టుకుంది. పొద్దున వెళ్ళి చూసొచ్చాను.”

ఫణికుమార్ నా వైపు తిరిగాడు. మా శాఖ పర్యవేక్షకుడి ఇంట్లో ఎరుక ఉన్నదని నేను విని ఉన్నాను. పై అధికారి ఇంట్లో ఆలోచించే కెమెరా ఉండగా, కింది అధికారి ఇంట్లో ఊరికే చూసే కెమెరా ఉండటం శాఖాపరంగా బాగుండదు. అన్ని కోణాల నుంచీ పరిశీలించి, ఎవరి ప్రభావానికీ లోనుకాకుండా, ఎరుకనే ఎంపిక చేశాను. సువర్చల కూరగాయల కత్తిని కొంచెం గట్టిగా కింద పెట్టింది.

నమోదు రెండు

ఎరుకకు రెండు కళ్ళు. ఒకటి తలుపు మీద, రెండవది ఇంట్లో లోహం ఎక్కువగా ఉండే చోట, అంటే వంటింట్లో. అది తన అభిప్రాయాలను గోడమీది తెరపై రాసి తెలుపుతుంది. దాని భాషలో నేను నివాసి ఒకటి, సువర్చల నివాసి రెండు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మా వరుస క్రమం ఎవరైనా ఇలా నిర్ణయించడం ఇదే మొదలు. సువర్చల దాన్ని గమనించినట్టు లేదు, లేదా గమనించి వదిలేసింది.

మధ్యాహ్నం తెర మీద ఇలా వచ్చింది: “నివాసి రెండు వైద్యపత్రంలో, రెండు మోకాళ్ళూ అరిగినవి, నడక కష్టం అని ఉన్నది. కాని నివాసి రెండు వంటింటి నుంచి తలుపు వరకు గెంతుతూ వచ్చినారు. వివరణ కోరడమైనది.”

వివరణ ఇచ్చాను. భూమ్మీద మా వాటా మొదటి అంతస్తులో ఉండేది. సువర్చల ఆ మెట్లను కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కొక్కటే జరుగుతూ దిగేది. ఎవరైనా ఎదురైతే చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు నటించేది. ఇక్కడ మనిషి బరువు ఆరో వంతు. వచ్చిన మొదటి రోజు ఆమె సొరంగం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి వచ్చి, నాతో “మళ్ళీ ఒక్కసారి వెళ్ళొస్తా” అని చెప్పి, మళ్ళీ వెళ్ళింది. చంద్రమండల సేవలకు నేను దరఖాస్తు పెట్టిన కారణం ఆ మోకాళ్ళే. దరఖాస్తులో మాత్రం విజ్ఞానాభివృద్ధి పట్ల ఆసక్తి అని రాశాను.

ఎరుక ఆలోచించి, “గెంతులు సక్రమం” అని రాసింది. మంచి యంత్రమే అనుకున్నాను.

నమోదు మూడు

ఈ ఉదయం తెర మీద వచ్చినది యథాతథంగా:

“వంటింట్లో పేర్లు చెక్కిన లోహపాత్రలు అనేకం కనుగొనడమైనది. వాటిలో ఏ ఒక్కదాని మీదా నివాసి ఒకటి పేరు గాని, నివాసి రెండు పేరు గాని లేదు. ఈ ఇంటి పాత్రలన్నీ ఇతరులవి. ఆ ఇతరులకు సమాచారం పంపడమైనది. లోహ విచారణ కార్యాలయానికి కూడా పంపడమైనది.”

కింద పేర్లన్నీ ఇచ్చింది. నేను తెర ముందు నిలబడి చదువుతూ ఉంటే మా పెళ్ళి పందిరి మొత్తం కళ్ళ ముందు కూర్చున్నట్టయింది.

విషయం ఎరుకకు బోధపరచవలసిన బాధ్యత నాపై పడింది. మా వైపు పెళ్ళికి పాత్ర ఇచ్చేవారు దాని మీద తమ పేరు చెక్కించి ఇస్తారనీ, పుచ్చుకున్నవారి పేరు చెక్కించే ఆచారం లేదనీ తెలియజేశాను. పుచ్చుకున్నవారికి తమ పేరు ఎలాగూ తెలుసు. ఇచ్చినవారి పేరే మరిచిపోయే ప్రమాదం ఉన్నది. ఎరుక తయారైన దేశంలో వస్తువు మీద పేరుంటే అది సొంతదారు పేరట.

ఎరుక అడిగింది: “ఇచ్చినట్లు రికార్డు ఉన్నదా?”

అంతలో తలుపు దబదబ మోగింది. ఎదురింటి రజియా.

“దయానిధన్నా! తలుపు తియ్. దొంగసొత్తు రికవరీకి వచ్చా!”

ఆమె చేతిలో ఫోను. మొన్న ఖీమా పెట్టి పంపిన గిన్నె మా వంటింట్లో కనిపించిందనీ, దాని మీద ఆమె పేరు ఉన్నదనీ, అపహరణగా అనుమానిస్తున్నామనీ ఎరుక ఆమెకు రాసింది.

“ఏం వదినా, ఇంత మంచిదానివి, నా గిన్నె కొట్టేశావా?”

“ఖాళీ గిన్నె తిరిగి పంపమంటావటే? గోంగూర రుబ్బి పెడదామని ఆగాను,” అంది సువర్చల.

“ఎప్పటికవుద్ది?”

“రేపటికి.”

“అయితే రేపటిదాకా నా గిన్నె అపహరణలోనే ఉండనీ,” అని రజియా మా గుమ్మంలోనే నిలబడి, ‘అరువిచ్చాను’ అన్న గడి నొక్కి, చక్కా పోయింది. ఒక కేసు ఆ విధంగా పరిష్కారమైంది. ఇదంతా నవ్వుతాల వ్యవహారమని అప్పటికి మేమిద్దరం అనుకున్నాం.

నమోదు నాలుగు

లోహ విచారణాధికారి దేవసహాయం నిర్మల గారు దయగల మనిషి. చట్టం చదివేటప్పుడు మాత్రం గొంతు మార్చుకుంటారు. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, గొంతు మార్చుకున్నారు.

వంటింటికి బాధ్యురాలిగా పుస్తకాల్లో సువర్చల పేరున్నది. పాత్రల మీద పేరున్న ప్రతివారూ విచారణ నాటికి “ఇచ్చాను” అని గాని, “అరువిచ్చాను” అని గాని చెప్పాలి. ఎవరైనా “ఇవ్వలేదు” అంటే, అది దొంగతనం. దొంగతనానికి శిక్ష స్వస్థల ప్రాప్తి. వచ్చే రాకెట్టులో భూమికి పంపేయడాన్ని మా ప్రభుత్వం ఈ మర్యాదైన పేరుతో పిలుస్తుంది.

“ఒక్క పాత్రకైనా?” అని అడిగాను.

“ఒక్క చెంచాకైనా.”

“పెళ్ళి కానుకలండీ అవి.”

“ఇచ్చినట్టు రికార్డు ఉందా?”

“వీడియో తీయించాం గాని, తీసినాయన ఎక్కువ భాగం సీరియల్ లైట్లనూ, జిలేబీలనూ తీశాడు.”

నిర్మల గారు తన మామూలు గొంతులోకి వచ్చారు. “రికార్డు లేనిది జరగలేదని చట్టం అనదు దయానిధి గారూ. జరిగిందని ఒప్పుకోదు, అంతే.”

తిరిగి వస్తూ సువర్చల మామూలుగా గెంతలేదు. కాళ్ళు ఈడ్చి నడిచింది. ఇక్కడ అలా నడవడానికి ప్రత్యేకంగా ప్రయత్నించాలి.

“అక్కడ మనకిచ్చే ఇంటికి మెట్లుంటాయా?” అంది.

“లిఫ్టు ఉంటుందేమో.”

“లిఫ్టు దాకా?”



నమోదు అయిదు

భూమి నుంచి జవాబులు రాసాగాయి. పెద్ద పళ్ళెం తాలూకు వారు: “ఇచ్చాం. ఇంకా వాడుతున్నారా? మాకు మీరిచ్చిన మిక్సీ వారం తిరక్కుండా పోయింది.” బిందె తాలూకు రిటైరైన మాస్టారు: “ఆశీర్వాదపూర్వకంగా ఇచ్చితిమి. మా మనవడికి చంద్రుడి మీద ఏదైనా ఉద్యోగం చూడగలరు.” పూజ పళ్ళెం తాలూకు ఆమె, తాను ఇవ్వలేదనీ, తన పేరు మీద తన ఆడపడుచు ఇచ్చిందనీ, అందులో తనకేమీ అభ్యంతరం లేదనీ, ఆ ఆడపడుచు గురించి ఇంకా చాలా చెప్పాలనీ రాసింది.

గ్లాసుల మీది జొన్నలగడ్డ కుటుంబరావు ఎవరో మాకు తెలియదు. ఆయనకు మేము తెలియము. ఆయన ఎవరి పెళ్ళికో ఇచ్చిన గ్లాసులు, డబ్బా విప్పకుండానే పెళ్ళి నుంచి పెళ్ళికి తిరిగి చివరకు మా పెళ్ళికి చేరినవి. ఆయన జవాబు: “ఇచ్చాను. ఎవరికిచ్చానో గుర్తు లేదు. మీకే అనుకోండి.” ఇంత ఉదారమైన వాఙ్మూలం నా ఉద్యోగ జీవితంలో చూడలేదు.

ఒక్కొక్క జవాబు వచ్చినప్పుడల్లా తెర మీద ఒక పేరు పచ్చబడుతోంది. సువర్చల ఆ పాత్రను తీసి, తుడిచి, తిరిగి బోర్లిస్తోంది. నడకలో కొంచెం గెంతు తిరిగి వచ్చింది.

నమోదు ఆరు

అన్ని పేర్లూ పచ్చబడ్డాయి, ఒక్కటి తప్ప. లోతైన స్టీలు గిన్నె. దాని మీద చెక్కినది: “తాడికొండ వీరరాఘవులు, నరసరావుపేట.”

ఆయన సువర్చలకు స్వయానా బాబాయి. జవాబు ఇవ్వకపోలేదు. ఇచ్చారు. “గిన్నె నాదే. నేను ఎవరికీ ఇవ్వలేదు.”

పెళ్ళినాటి నుంచి ఆయన మాతో మాట్లాడరు. ఎందుకో విచారించేందుకు సువర్చల బంధువులందరికీ ఫోన్లు చేసింది. భోజనాల దగ్గర రెండోసారి అప్పడం వెయ్యలేదని వాళ్ళక్క. ఫోటోలో సగమే పడ్డాడని మేనత్త. శుభలేఖలో పేరు పొట్టి అక్షరాలతో వేయించామని అన్న. మూడు కారణాలూ ఒక మనిషి జీవితాంతం మాట్లాడకుండా ఉండటానికి సరిపోయేవే గనుక, ఏది అసలైనదో తేల్చలేకపోయాం.

“మాట్లాడని మనిషి గిన్నె ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చావు?” అన్నాను.

“లోతున్నది అదొక్కటే. ఇక్కడ పోపు పెడితే ఆవాలు ఎక్కడిదాకా ఎగురుతాయో మీకు తెలీదా?”

తెలుసు. మా ఇంటి పైకప్పు నిండా వాటి గుర్తులున్నాయి.

విచారణ ఎల్లుండి. శిక్ష పడినవారి వెంట జీవిత భాగస్వామి స్వచ్ఛందంగా వెళ్ళవచ్చునన్న నిబంధన ఉన్నది. దాని ప్రకారం ఒక అర్జీ తయారు చేసి తెర మీద ఉంచాను. సువర్చల చదివి, ఒక్క వేలితో చెరిపేసింది.

“అక్కడ దుమ్ముకు శాఖే లేదు. మీరు వెళ్ళి ఏం చేస్తారు?”

“మెట్ల దగ్గర ఉంటాను.”

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అర్జీని తిరిగి రాశాను.

నమోదు ఏడు

ఈ ఉదయం నరసరావుపేటకు ఫోను చేశాను. ఇక్కడి మాట భూమికి చేరడానికి ఒక క్షణం పైన, తిరుగు మాట రావడానికి మరొక క్షణం పైన పడుతుంది. బంధువులతో మాట్లాడేందుకు ఇది చాలా అనుకూలమైన ఏర్పాటు.

“ఎవురూ?”

“నమస్కారం మావయ్యగారూ. దయానిధినండీ. సువర్చల భర్తను.”

“ఏ సువర్చల?”

పక్కనే కూర్చున్న సువర్చల కళ్ళు మూసుకుంది.

“మీ అన్నగారి అమ్మాయండీ.”

“ఓహో. చందమామ మీద కాపురం పెట్టినోళ్ళా. బాగుంది. పైనుంచి మేం కనపడతన్నామా?”

“గిన్నె విషయమండీ.”

“నాదే గిన్నె. పేరు లేదా దానిమీద?”

“ఉందండీ. మా పెళ్ళికి మీరిచ్చారు కదండీ.”

“ఇచ్చానని ఎవురన్నారు? నువ్వు విన్నావా? చదివింపులప్పుడు పీటల మీద నువ్వే గదయ్యా కూచుంది. ఫలానా వీరరాఘవులు గిన్నె చదివించాడని మైకులో నీకు వినపడిందా?”

పెళ్ళిలో ఎవరు ఏమిచ్చారో పేరుపేరునా మైకులో పైకి చదువుతారు. ఆ రోజు నేను పూలదండల వెనక నుంచి అంతా విన్నాను. నిజమే చెప్పవలసి వచ్చింది.

“వినపడలేదండీ.”

“ఎట్టా వినపడుద్ది? నా ముందరోడి కుక్కరు చదివారు. కరెంటు పోయింది. కరెంటొచ్చింది. నా ఎనకోడి గోడగడియారం చదివారు. మద్దెలో నేనేమైపోయినట్టు? చదవంది ఇచ్చినట్టు ఎట్టా అవుద్దయ్యా అల్లుడూ? అందుకే ఇవ్వలేదని రాశా. అబద్ధం రాసే అలవాటు నాకు లేదు.”

ఈ వాదనలో నేను ఒక్క లోపమూ కనిపెట్టలేకపోయాను. ఎరుక అడిగినది, నిర్మల గారు చెప్పినది, ఈయన అంటున్నది ఒక్కటే. మా బంధువర్గంలో లోహ రక్షణ చట్టాన్ని సంపూర్ణంగా అర్థం చేసుకున్నది ఈయన ఒక్కరే. అదీ చట్టం పుట్టడానికి పాతికేళ్ళ ముందే.

సువర్చల ఫోను తీసుకుంది. “బాబాయ్. నేను.”

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

“నన్ను కిందికి పంపేస్తారంట బాబాయ్.”

“వస్తే రా. ఇల్లు లేదా ఇక్కడ?”

“ఇల్లుంది. మోకాళ్ళు లేవు.”

ఈసారి జవాబు రావడానికి దూరానికి పట్టవలసిన దానికంటే ఎక్కువ సేపు పట్టింది.

“మా అన్నకీ అంతేగా,” అన్నారాయన చివరికి. “దొడ్లోకి పోవాలన్నా నేనే పట్టుకునేవాణ్ణి... నన్నేం చెయ్యమంటావమ్మాయ్? ఇచ్చానని చదివినోడు లేడు. నేనెట్టా ఇచ్చానని చెప్పేది?” ఫోను పెట్టేశారు.

సువర్చల ఫోను నాకు తిరిగి ఇచ్చి లేచింది. నేను మాత్రం ఆయన చివరి మాట దగ్గరే ఆగిపోయాను. చదివినవాడు లేడన్నారు. ఇక చదవకూడదని అనలేదు.

వెంటనే నిర్మల గారి వద్దకు వెళ్ళి, ఇచ్చిన రికార్డు ఇచ్చిన రోజుదే అయి ఉండాలని చట్టంలో ఉన్నదా అని విచారించాను. ఆమె పుస్తకం తిరగేశారు. లేదు. ఇచ్చినట్లు బహిరంగంగా ప్రకటించాలి, సాక్షులు వినాలి, యంత్రం రికార్డు చేయాలి, ఇచ్చినవారు అవునని ఒప్పుకోవాలి. అంతే.

తిరిగి వచ్చి నరసరావుపేటకు ఒక సందేశం పంపాను: “రేపు మా స్వగృహమునందు చదివింపులు జరుగును. తామెల్లరు విచ్చేయ ప్రార్థన.”

నమోదు ఎనిమిది

నిర్మల గారు విచారణను మా వంటింట్లోనే పెట్టారు. స్థల పరిశీలన అని పుస్తకంలో రాసుకున్నారు. రజియా సాక్షిగా వచ్చింది. గిన్నెను పీట మీద ఉంచాం. గోడమీది తెరలో వీరరాఘవులు గారు కనిపించారు. ఇస్త్రీ చొక్కా, భుజాన జరీ కండువా, నుదుట బొట్టు. ఫోను మాట్లాడటానికి వచ్చిన మనిషిలా లేరు. పెళ్ళికి వచ్చిన మనిషిలా ఉన్నారు.

మూడో సొరంగమంతటికీ వినిపించే మైకు ఒక్కటే ఉన్నది. అది ధూళి హెచ్చరికలది. దాన్ని వాడే అధికారం నాది. ధూళి లేనప్పుడు వాడరాదని నిబంధన లేదు. ధూళి లేనప్పుడు వాడాలని ఇంతవరకు ఎవరికీ తోచకపోవడమే దానికి కారణం. మైకు తెరిచాను. సొరంగం పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. జనం అలవాటుగా మాస్కులు తగిలించుకుని బయటికి వచ్చి నిలబడ్డారు.

“తాడికొండ వీరరాఘవులు గారు, నరసరావుపేట,” అని చదివాను, “చదివించిన స్టీలు గిన్నె ఒకటి!”

మాట వెళ్ళింది. మేమందరం తెర వంక చూశాం. అది ఆయనకు చేరడం ఆయన ముఖంలో కనిపించింది. తల వంచుకున్నారు. మళ్ళీ ఎత్తారు.

“మూతో?”

“అండీ?”

“దానికి మూతుంది. మూత చదవలేదు.”

నిర్మల గారు కలం ఆపారు. “మూత ఉందా?”

సువర్చల ఒక్క గెంతులో వెళ్ళి, పప్పు మీద పెట్టిన మూత తీసుకొచ్చి, కడిగి, గిన్నె మీద పెట్టింది. సరిగ్గా కూర్చుంది. నేను మళ్ళీ మైకు తీశాను.

“తాడికొండ వీరరాఘవులు గారు, నరసరావుపేట, చదివించిన స్టీలు గిన్నె ఒకటి, మూతతో సహా!”

“మీరు ఒప్పుకుంటున్నారా అండీ?” అని నిర్మల గారు తెర వైపు అడిగారు.

ఆయన ఒప్పుకోలేదు. కాదనలేదు. కండువా కొసతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“అమ్మాయ్, మీ పిన్ని పేరు కూడా చదవమను.”

“పిన్ని పేరా బాబాయ్?”

“గిన్నె ఎంచింది ఆవిడ. గుంటూరు బజారంతా తిప్పింది నన్ను, లోతున్నదే కావాలని. చదివింపులప్పుడు కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూచుంది, పేరొస్తదని. రాలా. నాకేముందమ్మా, నేను భోంచేసి వచ్చేవాణ్ణి. ఆవిడ విస్తరి ముందు నుంచి లేచింది. పోయేదాకా దాని ఊసెత్తలా. ఆ కోపం నేనెత్తుకున్నా.”

అప్పడం గురించి ఎవరూ మాట్లాడలేదు. రజియా మెడలోని మాస్కును కళ్ళదాకా లాక్కుంది.

ఆ పిన్ని, రాజ్యలక్ష్మి గారు, చనిపోయి మూడేళ్ళయింది. రికార్డుల విషయంలో పొరపాటు జరగరాదు గనుక అడిగాను: “కీర్తిశేషులు అని చదవాలాండీ?”

“ఆ రోజుటికి బతికే ఉందిగదయ్యా,” అన్నారాయన. “అట్టాగే చదువు.”

మైకు దగ్గరికి తీసుకున్నాను. ధూళి నియంత్రణ శాఖలో నా గొంతు ఎంత స్థిరమైనదో నా సేవా పుస్తకంలో రాసి ఉన్నది. ఈ పర్యాయం ఆ మాట వర్తించదు.

“నరసరావుపేట వాస్తవ్యులు శ్రీ తాడికొండ వీరరాఘవులు, శ్రీమతి రాజ్యలక్ష్మి దంపతులు, తమ అన్నగారి కుమార్తె చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సువర్చలకు చదివించిన స్టీలు గిన్నె, లోతైనది, మూతతో సహా, ఒకటి!”

సొరంగం ఆ చివర ఎవరో మాస్కు లోపలి నుంచే “బాగుంది!” అన్నారు. చప్పట్లు మొదలై మా గుమ్మం దాకా వచ్చాయి. అవి భూమికి చేరేసరికి ఇంకొంత సమయం పట్టింది. చేరినప్పుడు వీరరాఘవులు గారు లేచి నిలబడి, కండువా సర్దుకుని, పందిట్లో పెద్దలకు పెట్టినట్టు చేతులు జోడించారు.

“ఇచ్చాం,” అన్నారు. “రాసుకోండమ్మా. మేమిద్దరం ఇచ్చాం.”

నిర్మల గారు రాసుకున్నారు. తెర మీద ఎరుక కూడా రాసింది: “దానం నమోదైనది. సొరంగవాసులు సాక్షులు. అనుమానం ఉపసంహరించడమైనది. ధూళి: లేదు.”

సువర్చల అక్కడే పీట పక్కన నేల మీద చతికిలబడింది. నేను కంగారుపడి చెయ్యి అందించబోయాను.

“ఉండండి,” అంది. “లేవగలనుగా. కాసేపు కూచోనివ్వండి.”

రజియా గిన్నె మూత ఎత్తి లోపలికి చూసింది. “చదివింపులైపోయాయి. భోజనాలు లేవా వదినా?”

నమోదు తొమ్మిది

స్వచ్ఛందంగా వెంట వెళ్ళేందుకు పెట్టిన అర్జీని కార్యాలయం నుంచి వెనక్కి తీసుకున్నాను. కారణం అన్న గడిలో “అవసరం లేదు” అని రాశాను. ఒక ప్రభుత్వ కాగితం మీద ఇంత హాయిగా నేనెప్పుడూ రాయలేదు.

ఫణికుమార్ వచ్చి, జరిగినదానికి విచారం తెలిపి, ఎరుకను తీసేసి చూపరి పెట్టమంటారా అని అడిగాడు. నేను సమాధానం చెప్పేలోగా సువర్చలే, ఎరుకలో చుట్టాలు చూడటానికి వీలుందా అని అడిగింది. ఉన్నదట. అతిథి వీక్షకుడు అంటారట. ఆ సౌకర్యం మిగతా రెండింటిలో లేదు.

“అయితే ఉండనీ,” అంది.

ఆ విధంగా నరసరావుపేట వాస్తవ్యులు మా వంటింటికి అతిథి వీక్షకులుగా నియమితులైనారు. నిన్నటి నుంచి వంట వేళకు తప్పకుండా హాజరవుతున్నారు. గిన్నె ఏ అరలో ఉన్నదో, ఎవరు తోముతున్నారో, పీచుతో గీతలు పడుతున్నాయేమో పర్యవేక్షిస్తున్నారు. నాకంటే మంచి అధికారి అని ఒప్పుకోక తప్పదు.

ఈ ఉదయం గోంగూర పప్పుకు పోపు. నూనె కాగింది. సువర్చల ఆవాలు వేసింది.

“మూత పెట్టమ్మాయ్, మూత! ఎగురుతున్నాయ్!” అని ఆయన కేక వేశారు. కేక ఇంత దూరం వచ్చేసరికి ఆవాలు పైకప్పును తాకి, తొందరేమీ లేకుండా, ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. సువర్చల మూత తిరగేసి పట్టుకుని, నేల మీది నుంచి ఒక్క ఎగురు ఎగిరి, గాలిలోనే వాటిని పట్టుకుంది.

సువర్చల నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన నవ్వు కొంచెం ఆలస్యంగా చేరింది.